ఏజెన్సీ అంటే ఆఫీసా, కొండలా, కర్తృత్వమా?

ఒడిశాలోని గుణుపురంలో డిగ్రీ చదువుతున్న ఒకమ్మాయి అడిగిన ప్రశ్న ఇది. ఇంట్లో తెలుగు, చదువు ఒడియా మీడియం, రాయబోయే పోటీ పరీక్ష ఇంగ్లీషులో. ‘ఏజెన్సీ’ అన్న మాట ఆమెకు మూడు చోట్ల తగిలింది. తాతగారి పాత భూమి కాగితాల్లో ‘వైజాగపటం ఏజెన్సీ’ అని ఉంది. చరిత్ర పుస్తకంలో, కొండ ప్రజల ‘ఏజెన్సీ’ని వలస పాలకులు లెక్కలోకి తీసుకోలేదని ఉంది. భూగోళం పాఠంలో ‘త్రూ ది ఏజెన్సీ ఆఫ్ వాటర్’ అని ఉంది. నిఘంటువు తెరిస్తే మొదటి అర్థం వ్యాపార సంస్థ. అది ఈ మూడింటిలో ఒక్కదానికీ అతకడం లేదు, అన్నిటికీ సరిపోయే తెలుగు మాట ఒకటి చెప్పండి అని అడిగారు.

అమ్మా, అలాంటి మాట లేదు, దానికోసం వెతుక్కుని టైమ్ పాడుచేసుకోకండి. అన్నిచోట్లా పనికొచ్చే ప్రశ్న మాత్రం ఒకటుంది. ఈ వాక్యంలో చేసేవాడెవడు, చేయించేవాడెవడు? ఈ ప్రశ్న వేసుకుంటే అక్కడ ఏ అర్థమో తెలుస్తుంది. నేను చాలాకాలం పర్లాకిమిడిలో డిగ్రీ పిల్లలకు ఇంగ్లీషు చెప్పాను. ఇప్పుడు రాయగడ, గుణుపురం, పార్వతీపురం కోర్టుల్లో వేసే కాగితాలను మూడు భాషల మధ్య మార్చిపెడుతుంటాను. నాకు ఎక్కువ తగాదా తెచ్చే ఇంగ్లీషు నామవాచకాల్లో ఇది ముందు వరసలో ఉంటుంది కాబట్టి కొంచెం పొడుగ్గానే చెప్తాను.

ముందు పుట్టుక. లాటిన్‌లో ‘అగెరె’ అనే క్రియకు నడపడం, తోలడం, చేయడం అని అర్థాలు. యాక్ట్, యాక్షన్, ఎజెండా అన్నీ దాని పిల్లలే. ఏజెంట్ అంటే చేసేవాడు. ఏజెన్సీ అంటే ఆ చేసేవాడి పని, స్థితి, హోదా. తెలుగులో మనకు ‘చేయు’, ‘చేయించు’ అని రెండు వేరు క్రియలున్నాయి. వండింది, వండించింది అంటే ఎవరు పొయ్యి దగ్గర ఉన్నారో, ఎవరు పురమాయించారో వెంటనే తెలిసిపోతుంది. ఇంగ్లీషు ఏజెంట్ అలా కాదు. తన ఇష్టంతో పనిచేసేవాడూ ఏజెంటే, ఇంకొకరు పురమాయిస్తే వాళ్ల బదులు చేసేవాడూ ఏజెంటే. ఈ రెండు అర్థాలూ ఒకదానికొకటి ఎదురు తిరిగి ఉన్నాయి. మీ చరిత్ర పుస్తకం మొదటి అర్థంలో వాడింది, మీ తాతగారి కాగితం రెండో అర్థం నుంచి వచ్చింది. మీకు అతకకపోవడానికి కారణం అదే.

దుకాణాల సంగతి తొందరగా ముగిద్దాం. గ్యాస్ ఏజెన్సీ, పేపర్ ఏజెన్సీ, ట్రావెల్ ఏజెన్సీ, యాడ్ ఏజెన్సీ. వీటిని తెలుగులో ఏజెన్సీ అనే రాయండి, ఎవరూ ‘ప్రతినిధిత్వ సంస్థ’ అనరు. ప్రభుత్వానివైతే ‘సంస్థ’ సరిపోతుంది: జాతీయ దర్యాప్తు సంస్థ, అంతర్జాతీయ అణుశక్తి సంస్థ. ప్రభుత్వానివి కాకపోయినా వార్తా సంస్థ అనే అంటాం. మన రోడ్ల పక్కన పథకం బోర్డుల మీద కనిపించే ‘ఎగ్జిక్యూటింగ్ ఏజెన్సీ’కి ఒడియాలో ‘కార్యకారీ సంస్థా’ అంటారు. తెలుగులో ‘పని చేపట్టిన సంస్థ’ అంటే చదివినవాడికి అర్థమవుతుంది.

ఇక్కడే ఒక మెలిక ఉంది. ‘మా బావ సిమెంటు ఏజెన్సీ తీసుకున్నాడు’ అంటాం. ఊరి భాషలో అది నిజమే, చట్టం దృష్టిలో చాలాసార్లు కాదు. బావ కంపెనీ దగ్గర బస్తాలు డబ్బిచ్చి కొని, తన సొంత సరుకుగా అమ్ముతున్నాడు. బస్తా గడ్డకడితే నష్టం బావదే. అంటే ఆయన కంపెనీ బదులు అమ్మడం లేదు, తనకోసం అమ్ముకుంటున్నాడు. డీలర్‌షిప్ ఒప్పందాలను ఇంగ్లీషులో చదివితే, ఇద్దరి మధ్యా ఏజెన్సీ సంబంధం లేదని ఒక క్లాజు చాలావాటిలో ఉంటుంది. దాన్ని ‘ఇది ఏజెన్సీ కాదు’ అని తెలుగులోకి దించితే, గోడ మీద పెద్ద అక్షరాలతో ఏజెన్సీస్ అని బోర్డు పెట్టుకున్న మనిషికి మతిపోతుంది. ‘డీలరు కంపెనీ తరఫున పనిచేసే ప్రతినిధి కాడు’ అని రాయాలి.

చట్టంలో ఏజెన్సీకి గట్టి నిర్వచనం ఉంది. 1872 నాటి ఇండియన్ కాంట్రాక్ట్ యాక్ట్‌లో పదో అధ్యాయం, 182 నుంచి 238 వరకు సెక్షన్లు, మొత్తం దీని గురించే. చేయించేవాడు ప్రిన్సిపల్, అతని బదులు చేసేవాడు ఏజెంట్, ఆ ఇద్దరి మధ్య సంబంధం ఏజెన్సీ. ఏజెంటు తనకిచ్చిన అధికారం మేరకు చేసిన పని ప్రిన్సిపల్ స్వయంగా చేసినట్టే లెక్క. జీతం, కమీషన్ ఏమీ లేకపోయినా ఏజెన్సీ ఏర్పడుతుందని 185వ సెక్షన్ చెబుతుంది. నోటిమాటతోనూ ఏర్పడవచ్చు, నడవడిని బట్టీ ఏర్పడవచ్చు. మన వైపు పిల్లలు విశాఖలోనో హైదరాబాదులోనో ఉండి, ఇక్కడి ఇల్లూ పొలమూ చూసుకోమని బాబాయికో మేనమామకో పవర్ ఆఫ్ అటార్నీ రాసిస్తారు చూడండి, అది అచ్చమైన ఏజెన్సీ. అందులో సంతకం బాబాయిది, పని పిల్లలది. రాసిచ్చినవాళ్లు పోతే మామూలుగా ఆ అధికారం కూడా అక్కడితో పోతుంది, అది 201వ సెక్షన్. ఈ ఒక్క ముక్క తెలియక, యజమాని పోయాక కూడా అదే కాగితం పట్టుకుని అమ్మకాలు చేసి, తర్వాత ఏళ్లకేళ్లు కోర్టుకు తిరిగే కుటుంబాలను చూస్తూనే ఉంటాం. ఈ అర్థానికి తెలుగులో ‘ప్రాతినిధ్యం’ అనొచ్చు. కానీ దస్తావేజుల్లో నలిగిన మాట ‘తరఫున’. నేను దాన్నే వాడతాను. నామవాచకాన్ని నామవాచకంతోనే మార్చాలని నియమమేమీ లేదు.

‘ఎవరి తరఫున’ అన్నది వ్యాకరణం ప్రశ్న మాత్రమే కాదు. రాయగడ స్టేషన్‌లో పండగ వెళ్లాక ఒక సాయంత్రం నిలబడి చూడండి. కొండ ఊళ్ల నుంచి దిగిన పాతికమంది కుర్రాళ్లు, కొన్ని జంటలు, సంచులు, ఒక ప్రెషర్ కుక్కరు. అందరి ఆధార్ కార్డులకు రబ్బరు బ్యాండు వేసి జేబులో పెట్టుకున్న మనిషి ఒకడు. అతన్ని అందరూ ఏజెంటు అంటారు. ఒడియాలో ఇలా వలస వెళ్లే కూలీలను దాదన్ కూలీలంటారు, ఆ పేరుతోనే ఒడిశా 1975లో ఒక చట్టం చేసింది. ఆ ఏజెంటు ఎవరి ఏజెంటు? కుర్రాళ్లను అడిగితే ‘మా ఊరివాడే, మావాడే’ అంటారు. అడ్వాన్సు డబ్బు ఎక్కడినుంచి వచ్చిందో, కమీషన్ ఎవరిస్తున్నారో అడిగితే కథ మారుతుంది. డబ్బు ఇటుకబట్టీ యజమానిది, కమీషనూ యజమానిదే. చట్టం భాషలో అతని ప్రిన్సిపల్ బట్టీలో ఉన్నాడు, ఈ ప్లాట్‌ఫారం మీద లేడు. ‘లేబర్ ఏజెంట్’ని ‘కూలీల ప్రతినిధి’ అని తెలుగు చేసిన పిటిషన్ ఒకటి ఒకసారి నా దగ్గరికొచ్చింది. అర్థం సరిగ్గా తిరగబడింది. ‘కూలీలను కుదిర్చే దళారి’ అని మార్చాం.

ఇదే తగువును అర్థశాస్త్రంవాళ్లు ‘ప్రిన్సిపల్-ఏజెంట్ సమస్య’ అంటారు. నా బదులు పనిచేసేవాడు నా లాభం చూస్తాడా, తన లాభం చూసుకుంటాడా అన్నదే ఆ సమస్య. అతని మీద కన్నేసి ఉంచడానికయ్యే ఖర్చు, అయినా జరిగిపోయే నష్టం, ఇవన్నీ ‘ఏజెన్సీ కాస్ట్స్’. జెన్సెన్, మెక్లింగ్ అనే ఇద్దరు 1976లో కంపెనీల విషయంలో దీన్ని సిద్ధాంతంగా రాశారు. మీ సిలబస్‌లో కామర్స్ ఉంటే తగులుతుంది, లేకపోతే వదిలేయండి.

ఇప్పుడు కొండలు. గుణుపురం, రాయగడ, కొరాపుట్ వైపు తెలుగువాళ్లకు ఏజెన్సీ అంటే ముందు గుర్తొచ్చేది ఇదే. ఏజెన్సీ బస్సు, ఏజెన్సీ డ్యూటీ, ఏజెన్సీ పసుపు, ఏజెన్సీ చింతపండు. బయటి ఇంగ్లీషు మనిషికి ఈ అర్థం చెప్పకపోతే తెలియదు. ఇది ఎలా వచ్చిందో చూడాలంటే ‘మద్రాసు ప్రెసిడెన్సీ’ని గుర్తు చేసుకోండి. ముందు ప్రెసిడెంట్ అనే మనిషి ఉన్నాడు, అతని పదవి ప్రెసిడెన్సీ అయింది, చివరికి అతని అధికారం నడిచే నేలంతా ప్రెసిడెన్సీ అయింది. హైదరాబాదులో రెసిడెంట్ అనే బ్రిటిష్ ప్రతినిధి ఉన్న భవనం రెసిడెన్సీ అయినట్టే. ఏజెంటు ఉన్నాడు కాబట్టి ఏజెన్సీ.

ఆ ఏజెంటు కలెక్టరే. 1830ల్లో కిమిడి, గుంసూరు కొండల్లో తిరుగుబాట్లు లేచాయి. మద్రాసు ప్రభుత్వం జార్జ్ రస్సెల్ అనే అధికారిని స్పెషల్ కమిషనర్‌గా పంపింది. ఆయన సిఫార్సుల మీద 1839లో 24వ చట్టం వచ్చింది. గంజాం, వైజాగపటం జిల్లాల్లోని కొండ ప్రాంతాలను మామూలు కోర్టుల పరిధి నుంచి తప్పించి, కలెక్టర్ చేతికిచ్చారు. కానీ ఆ పని ఆయన కలెక్టర్ హోదాలో చేయడు. ‘ఏజెంట్ టు ది గవర్నర్’ హోదాలో చేస్తాడు. అంటే గవర్నర్ చేయించేవాడు, కలెక్టర్ చేసేవాడు. మైదానంలో అతను కలెక్టర్, ఘాట్ ఎక్కితే ఏజెంట్, మనిషి మాత్రం ఒక్కడే. సివిల్ తగవైనా, క్రిమినల్ కేసైనా అక్కడ అతనే పెద్ద దిక్కు. కింద అసిస్టెంట్ ఏజెంట్లు. కొరాపుట్‌లో ఒక స్పెషల్ అసిస్టెంట్ ఏజెంట్ కూర్చునేవాడు. ఇదే కాలంలో ‘మెరియా ఏజెన్సీ’ అని ఇంకొకటి నడిచింది. కోందు ఆదివాసీల్లో నరబలిని ఆపడానికి 1845లో పెట్టి 1861లో ఎత్తేశారు, మొదటి ఏజెంటు మాక్‌ఫెర్సన్. అది ఒక పనికోసం పెట్టిన యంత్రాంగం పేరు. పాత కాగితాల్లో రెండూ కనిపిస్తాయి, కలిపేయకండి.

ఇది మన ఒక్కచోటే జరిగిన చిత్రం కూడా కాదు. అమెరికాలో ఆదివాసీ తెగల మీద ప్రభుత్వం పెట్టిన అధికారిని ఇండియన్ ఏజెంట్ అనేవారు, అతని కేంద్రాన్ని ఏజెన్సీ అనేవారు. పాకిస్తాన్ వాయవ్య సరిహద్దులో ఖైబర్ ఏజెన్సీ 2018 దాకా ఉంది. ఎక్కడ ప్రభుత్వం మామూలు చట్టం బదులు ఒక మనిషిని కూర్చోబెట్టిందో అక్కడ ఆ మాట వెలిసింది.

1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడ్డప్పుడు వైజాగపటం ఏజెన్సీలో పెద్ద భాగం కొరాపుట్ జిల్లాగా అటు వెళ్లింది. గుణుపురం, రాయగడ అందులోవే. 1992 అక్టోబర్ 2న కొరాపుట్ నుంచి రాయగడ జిల్లా, గంజాం నుంచి గజపతి జిల్లా విడిపోయాయి. కాబట్టి మీ తాతగారి కాగితంలో ‘వైజాగపటం ఏజెన్సీ’ అంటే విశాఖపట్నంలో ఉన్న ఏదో ఆఫీసు కాదు, మీ ఊరు అప్పట్లో ఉన్న పాలనా ప్రాంతం. అనువాదంలో దాన్ని కదపకుండా ‘వైజాగపటం ఏజెన్సీ’ అనే ఉంచి, పక్కన ‘ఇప్పటి రాయగడ జిల్లా’ అని రాయండి. ‘మన్యం’ అని మార్చకండి. మన్యం మనకు ఇంపైన మాటే, కానీ ఆ కాగితం మాట్లాడేది పరిధి గురించి, అడవి గురించి కాదు. ఆంధ్రలో 2022లో పార్వతీపురం మన్యం అని జిల్లాయే వచ్చాక ఆ గందరగోళం ఇంకా పెరిగింది.

ఇంకొక తేడా తప్పకుండా తెలుసుకోండి. ఆంధ్రలో ఈ మాట చట్టంలో ఇప్పటికీ బతికే ఉంది. అక్కడి 1959 భూబదలాయింపు రెగ్యులేషన్‌లోనే ‘ఏజెన్సీ ట్రాక్ట్స్’ అని ఉంది, దాన్ని 1970లో గట్టిచేశారు. ఆ ఏజెన్సీలో గిరిజనేతరుడు ఇంకో గిరిజనేతరుడికి కూడా భూమి అమ్మకూడదు. ఒడిశాలో 1956 రెగ్యులేషన్ గిరిజనుడు గిరిజనేతరుడికి అమ్మకుండా ఆపుతుంది. కాగితాల్లో ఇక్కడ ఏజెన్సీ అనరు, ‘అనుసూచిత అంచల’, అంటే షెడ్యూల్డ్ ప్రాంతం అంటారు. అంటే సీతంపేటలో ఒకడు ‘ఇది ఏజెన్సీ భూమి’ అన్నా, గుణుపురంలో మీరు అన్నా, నోటి మాట ఒకటే, వెనకున్న చట్టం వేరు. పోనీ కొండ కనిపిస్తే ఏజెన్సీ అనుకుందామా అంటే అదీ కుదరదు. 1977 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం పాత కొరాపుట్ జిల్లా మొత్తం షెడ్యూల్డ్ ప్రాంతం, కాబట్టి రాయగడ పట్నం నడిబొడ్డు కూడా అందులోదే. గజపతి జిల్లాలో మాత్రం ఆర్.ఉదయగిరి తహసీలు, గుమ్మా బ్లాకు, రాయగడ బ్లాకు మాత్రమే ఉన్నాయి. పర్లాకిమిడి బజారు లేదు. పైగా ఆ రాయగడ బ్లాకు వేరు, రాయగడ జిల్లా వేరు. ఒకే పేరు చూసి దస్తావేజుల్లో తికమకపడేవాళ్లు బోలెడుమంది.

భూగోళం వాక్యం తేలిక. ‘త్రూ ది ఏజెన్సీ ఆఫ్’, ‘బై ది ఏజెన్సీ ఆఫ్’ అన్నచోట ఆఫీసూ లేదు, మనిషీ లేడు. మన బడిలో నేర్పిన తృతీయా విభక్తి చాలు: చేత, చే, తోడ, తో. ‘నీటిచేత బండలు అరిగిపోయాయి’. ఇంకొంచెం వివరంగా కావాలంటే ‘నీటి ప్రభావం వల్ల’. వంశధార ఒడ్డున గుండ్రంగా అరిగిన రాళ్లున్నాయి కదా, వాటిని అరగదీసింది నీరు. అక్కడ నీరే కర్త. మనుషులకూ ఇలా వాడతారు: ‘త్రూ ది ఏజెన్సీ ఆఫ్ ఎ ఫ్రెండ్’ అంటే స్నేహితుడి ద్వారా, స్నేహితుడి సాయంతో. ఇది కాస్త పాతకాలపు ఇంగ్లీషు. చదివితే అర్థం కావాలి, మీరు రాసేటప్పుడు వాడనక్కర్లేదు.

మిగిలింది మీ చరిత్ర పుస్తకం వాక్యం. సమాజశాస్త్రం, చరిత్ర, స్త్రీల అధ్యయనాల్లో ఏజెన్సీ అంటే మనిషి తన బతుకు గురించి తానే తేల్చుకుని, దాని కోసం తానే పూనుకోగల శక్తి. దీనికి పండితులు వాడే తెలుగు మాట ‘కర్తృత్వం’. మంచి మాట. కర్త ఎవరు, చేసేదెవరు అన్న ప్రశ్న మన వేదాంతంలో ఎప్పటినుంచో నలుగుతున్నదే. కానీ పరీక్ష పేపరులోనో పత్రికలోనో అన్నిచోట్లా కర్తృత్వం అని పెడితే చదివేవాడు ఆగిపోతాడు. చోటును బట్టి ‘సొంత నిర్ణయం’, ‘చొరవ’, ‘తమ దారి తాము ఎంచుకునే శక్తి’ అని విప్పి రాయడం మేలు. ఒక తెలుగు వ్యాసంలో ‘గ్రామీణ మహిళా ఏజెన్సీ’ అని చదివాను. ఏదో మహిళా సంస్థ గురించి అనుకుని రెండు పేరాలు పోయాక గానీ అసలు సంగతి తెలియలేదు. యంత్రం చేసిన అనువాదాలు ఎక్కువగా తడబడేది ఇక్కడే.

చట్టంలోని ఏజెంటు ఇంకొకరి మాట మీద నడిచేవాడు. ఇక్కడి ఏజెంటు ఎవరి మాట మీదా కాకుండా తనంతట తాను నడిచేవాడు. అర్థశాస్త్రవేత్త అమర్త్య సేన్ ఈ తికమక రావచ్చని ముందే గ్రహించి, తాను ఏజెంట్ అన్న మాటను ఇంకొకరి బదులు పనిచేసేవాడన్న అర్థంలో వాడటం లేదని, పనికి పూనుకుని మార్పు తెచ్చేవాడన్న పాత అర్థంలో వాడుతున్నానని విడమరిచి చెప్పారు. మనిషి బాగోగులు వేరు, ఏజెన్సీ వేరు అన్నది కూడా ఆయన పెట్టిన తేడాయే. కడుపునిండా తిండి పెట్టి గడప దాటనివ్వకపోతే బాగోగులున్నట్టు, ఏజెన్సీ లేనట్టు.

మన ఊళ్లలోనే చూపిస్తాను. ఒడిశా ప్రభుత్వ పథకం మిషన్ శక్తి కింద 2001 నుంచి మహిళా సంఘాలు పెరిగాయి. ఒకావిడ సంఘంలో అప్పు తీసుకుంది. పాస్‌బుక్కు ఆమె పేర, ఫొటో ఆమెది, సంతకం ఆమెది, వారం వారం మీటింగుకు పోయి కిస్తీ కట్టేదీ ఆమే. ఆ డబ్బుతో ఇంటికి వచ్చింది మాత్రం ఆయన మోటార్ సైకిల్. చేసిన పనులన్నీ ఆమెవే, చేయించింది ఆయన. రిపోర్టులో ఆమెను ‘లబ్ధిదారు’ అని రాస్తారు. సమాజశాస్త్రం విద్యార్థి అయితే ఆమెకు ఇక్కడ ఏజెన్సీ లేదని రాస్తాడు. అదే సంఘంలో ఇంకొకావిడ, మొగుడు వద్దన్నా ఆ అప్పుతో సంతలో చింతపండు టోకుగా కొని, ధర పెరిగేదాకా ఇంట్లో ఆపి అమ్మింది. ఆ సీజన్‌లో ధర పడిపోయి ఆమె నష్టపోయిందే అనుకుందాం. అయినా ఏజెన్సీ ఉన్నది ఆమెకే. చాలామంది విద్యార్థులు ఏజెన్సీ అంటే విజయం అనుకుని జవాబులు పాడుచేసుకుంటారు. ఫలితం ఎలా ఉన్నా, నిర్ణయం ఎవరిది అన్నదే చూడాలి.

ఇంకో హెచ్చరిక. ‘ఏజెన్సీ ప్రజలకు ఏజెన్సీ లేదు’ అని ఒక చమత్కారం ఇంగ్లీషు వ్యాసాల్లో తిరుగుతుంటుంది. పరీక్షలో రాయడానికి చేయి దురద పెడుతుంది, రాయకండి. 1879లో రంప ఫితూరీ, 1922 నుంచి 1924 దాకా అల్లూరి సీతారామరాజు నడిపిన పోరాటం, రెండూ ఏజెన్సీలోనే జరిగాయి. ఏజెంటును పెట్టిందే కొండవాళ్లు లొంగలేదు కాబట్టి. మీ పుస్తకంలోని వాక్యం చెబుతున్నదీ అదే: వలస పాలకులు తమ రికార్డుల్లో ఈ తిరుగుబాట్లను ఎవరో ముఠాదారు (కొన్ని కొండ ఊళ్ల మీద పెత్తందారు) రెచ్చగొడితే రేగిన అల్లర్లుగా రాసుకున్నారు, జనం తమంతట తాము ఆలోచించి లేచారని ఒప్పుకోలేదు. కాబట్టి మీ వాక్యానికి నేను చెప్పే తెలుగు: ‘కొండ ప్రజలు తమ నిర్ణయంతో తామే కదిలారన్న సంగతిని వలస పాలకులు లెక్కలోకి తీసుకోలేదు’. పొడుగైంది, అవనివ్వండి.

పరీక్షకు పనికొచ్చే వ్యాకరణం కొంచెం. సంస్థ అన్న అర్థంలో ఏజెన్సీ లెక్కించగలిగే నామవాచకం: ‘ఆన్ ఏజెన్సీ’, ‘టూ ఏజెన్సీస్’. కర్తృత్వం అన్న అర్థంలో లెక్కించరాదు: ‘షి హాజ్ ఏజెన్సీ’ అనాలి, మధ్యలో ‘ఆన్’ పెట్టారా, ఆవిడ గ్యాస్ వ్యాపారం చేస్తోందని అర్థం మారిపోతుంది. కాంప్రహెన్షన్ ప్రశ్నల్లో అర్థం పట్టుకోవడానికి ఇంతకంటే తొందరైన గుర్తు లేదు. ఈ అర్థంలో పక్కన వచ్చే క్రియలు కూడా కొన్నే: హావ్, ఎక్సర్సైజ్, డినై. చట్టం అర్థంలో అయితే ‘క్రియేట్’, ‘టెర్మినేట్’, ‘రివోక్’ వస్తాయి. పలికేటప్పుడు ఒత్తు మొదటి అక్షరం ‘ఏ’ మీద. మనం ‘జె’ని గట్టిగా పలుకుతాం, ఇంగ్లీషువాళ్లు దాన్ని దాదాపు మింగేసి ‘ఏజన్సి’ అంటారు. ఇంటర్వ్యూలో మన పద్ధతిలో అన్నా ఎవరూ మార్కులు కోయరు.

చివరగా, బజారులో బోర్డుల మీద ఒక్క షాపుకే ‘ఫలానా ఏజెన్సీస్’ అని బహువచనం ఎందుకుంటుందని మీరు ప్రశ్న కింద చిన్నగా అడిగారు. ఒకే వ్యాపారి నాలుగు కంపెనీల సరుకు తెచ్చి అమ్మేవాడు కాబట్టి ఆ పేరు అలా అలవాటైంది. అది ఇప్పుడు షాపు పేరు, ఒకే షాపు, కాబట్టి వాక్యంలో దాని తర్వాత ‘ఈజ్’ రాయండి, ‘ఆర్’ కాదు.